ఒక్క తన్ను

పోయిన వారం దాకా రంగులాయన లెక్కలో ఉన్నదంతా లాభమే. ఫుట్‌బాల్ కప్పు పోటీ మొదలైనప్పుడు దేశం మొత్తం మీద మూడు వందల పైచిలుకు జట్లు ఉండేవి. ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు ముందుకి. రెండో అవకాశం అనే సరుకు ఈ పోటీలో ఏ కొట్లోనూ దొరకదు. ఒక ఆట బురదలో పడుతూ లేస్తూ, ఇంకో ఆట ఎదుటి గోలీ చేతుల్లోంచి బంతి జారిపోయిన పుణ్యాన, మరో ఆట ఆఖరి నిమిషంలో ఎవరి మోకాలికి తగిలిందో తెలియని గోలుతో, అలా ఒక్కో మెట్టే ఎక్కుకుంటూ వచ్చి, పెయింట్ల దుకాణం నడిపే మన రంగులాయన కార్యదర్శిగా ఉన్న చిన్న ఊరి జట్టు చివరి ఎనిమిదింటిలో ఒకటిగా మిగిలింది. రేవు జట్టుతో జరిగిన కిందటి ఆట పెనాల్టీల దాకా వెళ్తే, ఆఖరి తన్ను తన్ని గెలిపించింది ఆయన మేనల్లుడే. శీతల గిడ్డంగిలో పనిచేసి వచ్చాడని ఊరంతా వాణ్ణి చల్లోడు అంటారు. ఇప్పుడు క్వార్టర్ ఫైనల్‌కి రాజధాని జట్టు, సబ్బుల మీదా పళ్ళపొడుల మీదా బొమ్మలు పడే ఆటగాళ్ళున్న జట్టు, ఈ ఊరికే వస్తోంది. ఊరు ఊరంతా జట్టు రంగు పూసుకుంటోంది. ఆ సందడిలో, ఓడిపోయిన రేవు జట్టు కోచ్ దుకాణం మెట్లెక్కడం రంగులాయన కంటపడింది. పోయిన వారం కథ అక్కడ ఆగింది.

ఆ కోచ్‌ని అందరూ పడవలాయన అంటారు. పడవలకి రంగులు వేయించడం ఆయన వృత్తి. అడుగున పూసే ఎర్రరంగు, పైన పూసే తెల్లరంగు ఏళ్ళ తరబడి ఈ దుకాణంలోనే కొంటున్నాడు. ఓడినవాడు గెలిచినవాడి గుమ్మం తొక్కాడంటే ఒకటి సరుక్కోసం, లేదా గొడవకోసం. రంగులాయన రెంటికీ సిద్ధపడి, మొహం మీదికి దుకాణం నవ్వు తెచ్చుకున్నాడు.

"అంత వెనక నిలబడ్డావేంటన్నా, ఇలా ముందుకి రా."

"ముందు వాళ్ళని పంపించు తమ్ముడూ. నాది తొందరలేని బేరం."

దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. డబ్బాలు కుదిపే మిషను పొద్దున్నించీ దడదడలాడుతూనే ఉంది. అన్నీ ఆకుపచ్చే. గేట్లకి, కిటికీలకి, సైకిళ్ళకి, ఒకాయనకైతే కుక్క గూటికి. ఒకావిడ డబ్బా అందుకుంటూ పడవలాయనని ఎగాదిగా చూసింది.

"ఏం బాబాయ్, ఓడినవాళ్ళు కూడా పచ్చరంగే పూసుకుంటున్నారా?"

"మా పడవలకి పచ్చరంగేస్తే చేపలు నవ్వుతాయమ్మా," అన్నాడాయన. అందరితోపాటు తనూ నవ్వాడు. కానీ ఆ నవ్వు కళ్ళ దాకా పోలేదని రంగులాయన గమనించాడు. కొనేవాడి కళ్ళు చూసి ధర చెప్పే మనిషికి ఆ మాత్రం తెలియకుండా ఉండదు. గల్లాపెట్టె దగ్గర గుమస్తాని కూర్చోబెట్టి, పడవలాయనని వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. ఖాళీ డ్రమ్ము ఒకటి బోర్లించి కూర్చోమన్నాడు.

"తలుపు వెయ్యి," అన్నాడు పడవలాయన.

వేశాడు. మిషను చప్పుడు సగానికి తగ్గింది.

"మీ చల్లోడు ఇక్కడికి రాకముందు ఎక్కడ ఆడాడు?"

"ఎక్కడా ఆడలేదు. గిడ్డంగిలో మూటలు మోసేవాడు. చలి ఛాతీకి పట్టేసిందని మానేసి వచ్చాడు. ఎందుకూ?"

"గిడ్డంగివాళ్ళకి ఒక జట్టుందని తెలుసా?"

"ఉంటే ఉండొచ్చు."

"ఉంది. ఈ ఏడాది కప్పులో మొట్టమొదటి ఆటలోనే పోయింది. పెనాల్టీల్లో." పడవలాయన తన రెండు చేతులూ చూసుకున్నాడు. గోళ్ళ కింద ఎర్రరంగు ఏ సబ్బుకీ పోనంతగా పట్టేసి ఉంది. "మా గోలీ బావమరిది అక్కడే పని చేస్తాడు. మొన్న ఓడిపోయాం కదా, మావాణ్ణి ఓదార్చడానికి వచ్చాడు. టీవీలో మళ్ళీ మళ్ళీ మీవాడి తన్నే చూపిస్తున్నారాయె. చూసి, 'వీడా! వీడు మా కొంప ముంచినవాడే' అన్నాడు. మా జట్టంతా ఆ గదిలోనే ఉంది తమ్ముడూ."

కప్పు నియమం రంగులాయనకి కొత్త కాదు. సీజన్ మొదట్లో తన నోటితోనే కుర్రాళ్ళందరికీ చెప్పాడు. ఒక ఏడాది కప్పులో ఒక జట్టు తరఫున గీత దాటి లోపలికి అడుగుపెట్టినవాడు ఆ ఏడాది ఇంకో జట్టుకి దిగకూడదు. ఆట మొత్తం ఆడాడా, ఆఖర్లో దిగాడా అన్న తేడా లేదు.

"పొరపాటు పడి ఉంటాడు. మనిషిని పోలిన మనిషి..."

"ఎడమకాలితో, రెండే అడుగులు వెనక్కి వేసి, గోలీ వైపు చూడకుండా తన్నేవాళ్ళు ఎందరుంటారు?"

బేరం ఎటు పోతోందో రంగులాయనకి అర్థమైంది. అయినా అలవాటు కొద్దీ తక్కెడలో ఏదో ఒకటి వేసి చూద్దామనుకున్నాడు. "అన్నా, మనం మనం మాట్లాడుకుందాం. ఈ ఆట కానివ్వు. అయ్యాక మీ జట్టుకీ మా జట్టుకీ ఒక స్నేహపూర్వకమైన ఆట పెడదాం. వచ్చిందంతా మీకే. జెర్సీలు కూడా..."

"ఇది డబ్బా మీద వేసిన ధర కాదు, తగ్గించడానికి." పడవలాయన గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది. "నేనొక్కణ్ణే అయితే నోరు కుట్టేసుకునేవాణ్ణి. పదిహేను నోళ్ళు. ఎన్నని కుట్టను? ఫిర్యాదుకి రేపు సాయంత్రం దాకా గడువు. అప్పటిదాకా ఆపుతానని మావాళ్ళతో ఒట్టేయించుకుని వచ్చాను."

"ఎందుకాపడం?"

"మేం ఫిర్యాదు చేస్తే మీరు బయటికి, మేం లోపలికి. నాకలా లోపలికెళ్ళాలని లేదు. మీరే ముందు చెప్పుకుంటే మళ్ళీ ఆట పెట్టే వీలుంటుందట. మా గ్రౌండులో పెట్టినా పెట్టొచ్చు. నిజం చెప్పొద్దూ, జనం వస్తే మాకూ నాలుగు టికెట్లు తెగుతాయి." లేచి నిలబడి, ఇంతసేపూ కూర్చున్న డ్రమ్మును కాలితో సరిచేశాడు. "నీ మీద కోపం లేదు తమ్ముడూ. నీ స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణో నాకూ తెలియదు. అందుకే నేనుగా వచ్చి చెప్పాను."

తలుపు తీసేసరికి మిషను దడదడ మళ్ళీ లోపలికి వచ్చిపడింది. పడవలాయన ఏమీ కొనకుండానే మెట్లు దిగి వెళ్ళాడు. అన్నేళ్ళలో ఉత్త చేతులతో వెళ్ళడం అదే మొదలు.

గ్రౌండు రెండు వీధుల అవతల. ఆ రెండు వీధులు నడిచేలోపల రంగులాయనని ఆపి పలకరించనివాళ్ళు లేరు. మంగలి కత్తెర పట్టుకునే బయటికి వచ్చి, గెలిస్తే నెలరోజులు ఉచితంగా గడ్డం గీస్తానన్నాడు. బడి పిల్లలు గోడ మీద పదకొండు బొమ్మలు గీసి, అందులో ఒకదానికి ఎడమకాలు మిగతావాళ్ళ కాళ్ళకంటే రెండింతలు పెద్దది పెట్టారు. అందరికీ ఆయన తలూపుతూ, నవ్వుతూ, "చూద్దాం, చూద్దాం" అంటూ నడిచాడు. అమ్మిన సరుకులో లోపముందని తెలిశాక కూడా దాన్ని పొగుడుతున్నవాళ్ళ మధ్య నడవడం ఎలా ఉంటుందో ఆయనకి ఆ రోజే తెలిసింది.

మేనల్లుడు స్టూలెక్కి గోల్‌పోస్టు అడ్డకర్రకి తెల్లరంగు వేస్తున్నాడు. కింద స్టూలు పట్టుకుని హారన్ నిలబడ్డాడు. ఆయన బస్సు డ్రైవరు, జట్టుకి కోచ్. పక్కవాడితో గుసగుసలాడినా వీధి చివరివాళ్ళు తప్పుకునే గొంతు కాబట్టి ఆ పేరు వచ్చింది.

"ఏంటి షావుకారూ, పట్టపగలు దుకాణం వదిలొచ్చావు! ఊరేమన్నా తగలబడిందా?"

"దిగరా," అన్నాడు రంగులాయన మేనల్లుడితో.

"జానెడు మిగిలింది మామయ్యా. మధ్యలో ఆపితే అతుకు కనిపిస్తుందని నువ్వేగా..."

"దిగు."

ఆ గొంతు విని హారన్ కూడా నోరు మూసుకున్నాడు. మేనల్లుడు దిగి, కుంచె డబ్బా అంచున ఆనించాడు. ఇరవై రెండేళ్ళు వచ్చినా మొహంలో ఇంకా పసితనం పోలేదు. చెవి మీద తెల్లరంగు చుక్క ఒకటి.

"గిడ్డంగి జట్టుకి ఆడావా?"

"ఎవరు చెప్పారు?"

అంతే, లెక్క తేలిపోయింది. ఆడనివాడైతే లేదంటాడు. చెప్పిందెవరని అడిగేది ఆడినవాడే.

"ఒరేయ్!" హారన్ గొంతుకి గోల్ వెనక చెట్టు మీది కాకులు లేచిపోయాయి. "నా నోటితో నేను అడిగానురా నిన్ను! బస్టాండులో, టీ తాగుతూ. ఈ ఏడాది కప్పులో ఎవరి తరఫునైనా దిగావా అంటే తల అడ్డంగా ఊపావా లేదా?"

"ఊపాను."

"మరి?"

చల్లోడు తల దించి గడ్డిలోకి చూశాడు. పెనాల్టీ తన్నే ముందు కూడా వాడలాగే ఉంటాడు. ఊరంతా దాన్ని నిబ్బరం అనుకుంటుంది. ఆ క్షణంలో రంగులాయనకి అది నిబ్బరంలా కనిపించలేదు.

"నేను జట్టులో లేను మామయ్యా. మూటలు మోసేవాళ్ళంతా సాయంత్రం ఆడుకుంటుంటే నేనూ ఆడేవాణ్ణి. నా పెనాల్టీలు గురి తప్పవని అదనంగా నా పేరు పెట్టుకున్నారు. ఆ రోజు ఆటంతా బెంచీ మీదే కూర్చున్నా. ఎక్స్‌ట్రా టైమ్ కూడా అయిపోవస్తోంది, సమానంగా ఉన్నారు. మావాళ్ళలో ఎప్పుడూ తన్నేవాడికి కాలు పట్టేసింది. విజిల్ వేసే ముందు నన్ను లోపలికి తోశారు. బంతి నా వైపు రానేలేదు. విజిల్ వేసేశారు."

"తర్వాత?"

"ఆఖరి తన్ను నాకిచ్చారు."

రంగులాయనకి తెలుసుకోవలసింది తెలిసిపోయింది. ఇక అడిగినా దానివల్ల పైసా ఉపయోగం లేదు. అయినా అడిగాడు.

"తప్పిందా?"

"కర్ర మీంచి పోయింది. గోడ కూడా దాటింది. అవతల లారీల యార్డు. సరిగ్గా అప్పుడే కదులుతున్న లారీలో పడింది. అది ఆగలేదు. బంతి కూడా మళ్ళీ రాలేదు మామయ్యా." వాడి పెదవులు నవ్వబోయి ఆగాయి. "చూస్తున్నవాళ్ళంతా నవ్వారు. మావాళ్ళు మాత్రం నవ్వలేదు. తిట్టనూ లేదు. తిడితే బాగుండేది. మర్నాటి నించీ నేను లోపలికి వస్తే మాటలు ఆపేసేవాళ్ళు. మూట నా భుజం మీద పెట్టేవాడు కూడా మొహం పక్కకి తిప్పుకునేవాడు. లోపలి చలి నయం, బయట కూర్చుని అన్నం తినేటప్పుడే వణికేది. అందుకే వచ్చేశా."

"ఛాతీకి పట్టిందన్నావు."

"మరేం చెప్పను? నువ్వేమో వచ్చీ రాగానే బంతి చేతిలో పెట్టి, మనవాడి తన్ను గురి తప్పదు అని అందరికీ చూపించావు. తప్పిందని ఎలా చెప్పను? ఆ రోజుని నా జీవితంలోంచి కోసి పారేశాననుకున్నాను. హారన్ మామ అడిగినప్పుడు కూడా నాకు నియమం గుర్తు రాలేదు. లారీ గుర్తొచ్చింది. తల అదే ఊగింది."

హారన్ స్టూలు మీద కూలబడ్డాడు. అలవాటైన గొంతు ఎక్కడో వదిలేసుకుని, మామూలు మనిషిలా నెమ్మదిగా అన్నాడు: "ఒక్క తన్ను రా. దానికోసం మా దగ్గర ఇంత దాచావు."

పడవలాయన చెప్పినదంతా రంగులాయన వాళ్ళకి చెప్పాడు. గడువు, ఫిర్యాదు, ముందుగా చెప్పుకుంటే మళ్ళీ ఆట. చెబుతుంటే తన మాటలు తనకే ఇంకెవరో సరుకు దించుతున్నట్టు బరువుగా వినిపించాయి. బేరంలో ఆయనకెప్పుడూ ఒక వెనకడుగు ఉండేది. ధర కుదరకపోతే సరుకు లోపల పెట్టి, రేపు చూద్దామనేవాడు. ఇక్కడ లోపల పెట్టడానికి గది లేదు, చూడ్డానికి రేపటి సాయంత్రం తర్వాత ఏమీ లేదు.

ఆలోచించింది హారన్. "ముందు మనమే చెప్పేద్దాం. కానీ కప్పు ఆఫీసువాళ్ళు మొదట అడిగేది ఒకటే. మీకు తెలిసి దింపారా, తెలియక దింపారా అని. తెలియకనే అనాలి. నిజం కూడా అదేగా! వీడు దాచాడు, మనం మోసపోయాం. తప్పు వీడి మీద పడితే జట్టు మిగులుతుంది." చల్లోడి వైపు చూడకుండా అన్నాడు. "ఒకడు పోతే మిగతావాళ్ళు నిలబడతారు. నువ్వే చెప్తావుగా షావుకారూ, ఒక డబ్బా పాడైతే తీసి పక్కన పెట్టాలి, మొత్తం అర ఖాళీ చేసుకోకూడదని."

ఆ మాట రంగులాయనదే. ఎన్నోసార్లు, ఎందరితోనో, గర్వంగా అన్న మాట. దాన్ని హారన్ నోటి నించి, గడ్డి మీద నిలబడి ఉన్న మేనల్లుడి ముందు వింటూ ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. వీడు తన చెల్లెలికి ఒక్కడే. బావ పోయాక ఆమె దర్జీ దుకాణంలో కుట్టుమిషను తొక్కి పెంచింది. గిడ్డంగి మానేస్తున్నాడనగానే, నా దగ్గరికి పంపించమ్మా, వాడి బాధ్యత నాది అని ఫోన్ చేసింది ఈయనే.

"చెప్పేయ్ మామయ్యా," అన్నాడు చల్లోడు. "నేను అబద్ధం ఆడానని చెప్పు. ఆడానుగా."

"నిన్ను ఏడాది పాటు బంతి ముట్టుకోనివ్వరురా."

"గిడ్డంగిలో ఆ రోజు తర్వాత ముట్టుకోకుండానే ఉన్నాగా."

"ఊరు?" అన్నాడు రంగులాయన. "గోడ మీద నీ బొమ్మ గీశారు. రేపు దాని మీద ఏం రాస్తారో తెలుసా?"

వాడు కుంచె తీసుకుని స్టూలు వైపు చూశాడు. హారన్ లేచి, స్టూలు జరిపి పట్టుకున్నాడు. చల్లోడు ఎక్కి, మిగిలిన జానెడూ రంగు వేయడం మొదలుపెట్టాడు. అతుకు కనిపించకుండా, నెమ్మదిగా. రంగులాయన కాసేపు చూసి, వెనుదిరిగి క్లబ్బు గదిలోకి నడిచాడు.

క్లబ్బు గది అంటే ఒక బల్ల, తడిసిన బూట్ల వాసన, నొప్పుల తైలం వాసన. కప్పు ఆఫీసులో ఫోన్ ఎత్తినావిడ గొంతులో విసుగూ లేదు, ఆత్రమూ లేదు. రోజంతా ఇలాంటివి వినే మనిషి గొంతు. రంగులాయన ముందు, "ఎవరో ఒక క్లబ్బు ఉందనుకోండి" అని మొదలుపెట్టాడు.

"ఎవరో అంటే మీరేనా?" అందావిడ.

"మేమే."

చెప్పాడు. ఆవిడ మధ్యలో ఆపకుండా విన్నది. పక్కనెవరో గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. తనకి ప్రపంచం కూలిపోతుంటే అవతల ఎవరో చక్కెర కలుపుకుంటున్నారని రంగులాయనకి అనిపించింది.

"మీ అంతట మీరు చెప్పారు, అది మంచిదే," అంది. "క్లబ్బుకి తెలియకుండా జరిగితే సాధారణంగా మళ్ళీ ఆట పెడతారు. ఆటగాడి మీద మాత్రం నిషేధం ఉంటుంది. ఏడాదికి తగ్గదు. క్లబ్బుకి తెలిసే జరిగిందని తేలితే మీరు కప్పులోంచి బయటికి, వచ్చే ఏడాదికి కూడా. ఇప్పుడు చెప్పండి, ఈ సంగతి మీ క్లబ్బులో ఎవరికైనా తెలుసా?"

"లేదు."

"ఒక్కరికి కూడా?"

"ఒక్కరికి కూడా తెలియదు. మా ఆటగాడు మాకు అబద్ధం చెప్పాడు."

నోటి నించి వచ్చేసింది. ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆయనే బిత్తరపోయాడు.

"ఆటగాడు మీకు బంధువా? ఇంటిపేరు వేరేలా ఉంది, కానీ చిరునామా మీదే ఉంది."

"మేనల్లుడు."

చెంచా చప్పుడు ఆగింది. ఆవిడ గొంతు కొంచెం మెత్తబడింది. "ఆ మాట కూడా రాసుకోమంటారా?"

"రాసుకోండి."

"రేపు పొద్దున్న ఇద్దరు విచారణకి వస్తారు. ఆటగాణ్ణి, కోచ్‌ని, మీ కమిటీ సభ్యులందరినీ ఒక్కొక్కరిని విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారు. అందరూ ఊళ్ళో ఉండేలా చూడండి. మీరన్నట్టే అయితే కంగారు పడాల్సిందేమీ లేదు."

ఫోన్ పెట్టేసి, రంగులాయన బల్ల మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. మునిగే పడవలోంచి సగం సరుకైనా ఒడ్డున పడింది అనుకున్నాడు. కానీ ఆ సగం కోసం ఏం విసిరేశాడో కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. మేనల్లుడు స్టూలు మీద, తలెత్తి, అడ్డకర్ర కింది వైపు జారిన రంగు కూడా తుడుస్తున్నాడు.

రేపు పొద్దున్న విచారణకి వస్తారని హారన్‌కీ మేనల్లుడికీ చెప్పి ఇంటిదారి పట్టాడు. ఇల్లు దుకాణం పైనే. ఆయన వెళ్ళేసరికి భార్య మేడ మీద జెర్సీలు ఆరేస్తోంది. జట్టు బట్టలన్నీ ఆవిడే ఉతుకుతుంది. మొహం చూడగానే చేతిలోది తీగ మీదే వదిలేసి వచ్చింది.

"ఏమైందండీ?"

గోడ నీడలో కూర్చుని అంతా చెప్పాడు. పడవలాయన, గిడ్డంగి, ఆఖరి తన్ను. గోడ దాటిపోయిన బంతి సంగతి చెబుతుంటే ఆవిడ తల దించుకుంది. ఏడుస్తోందేమోనని ఆయన మాట మెత్తగా చేసి, ఫోన్ సంగతి కూడా చెప్పాడు.

"వాడి మీద పెట్టక తప్పలేదు. ఇంకో దారి ఉంటే చూపించు. రేపు వాళ్ళొచ్చి అందర్నీ అడుగుతారు. ఎవరికీ తెలియదు కాబట్టి మళ్ళీ ఆట పెడతారు. అంతవరకు మిగిలింది."

"అందర్నీ అంటే ఎవరెవర్ని?"

"హారన్ని, నన్ను, మందుల కొట్టాయన్ని, బడి పంతుల్ని... కమిటీలో ఉన్నవాళ్ళందర్నీ. నువ్వు కూడా ఉండాలి."

"నేనెందుకు?"

"ఏడుగురుంటేనే క్లబ్బుని చేర్చుకుంటామన్నారు కదా. ఏడో మనిషి దొరక్క నీ పేరు వేశాం. ప్రతి క్లబ్బువాళ్ళూ ఇంట్లోవాళ్ళ పేర్లే వేస్తారు. ఊరికే కూర్చుని తెలియదను, చాలు."

తీగ మీది జెర్సీల నించి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. ఆవిడ తడిచేతులు చీర కొంగుకి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"ఆ లారీలో ఉల్లిపాయలున్నాయట," అంది.

రంగులాయనకి మొదట అర్థం కాలేదు. లారీ అన్నాడు తను. అందులో ఏముందో చల్లోడు గ్రౌండులో చెప్పనే లేదు.

"వచ్చిన రోజే చెప్పాడండీ. కంచం ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకోలేక. వీపు నిమిరి అడిగితే అంతా చెప్పేశాడు. మామయ్యకి చెప్పొద్దత్తయ్యా, నా తన్ను మీద ఆయనకెంతో నమ్మకం అన్నాడు. నేనూ మాటిచ్చాను. ఒక బంతి గురించి ఏడుస్తున్నాడనుకున్నానే గానీ, ఇందులో ఇంత ఉందని నాకెవరు చెప్పారు? మీరు నన్ను ఆ కమిటీలో వేశారని కూడా నాకు గుర్తు లేదు."

కింద మిషను దడదడలాడుతోంది. ఇంకెవరికో ఆకుపచ్చ. రంగులాయన లెక్క వేయబోయాడు. ఎటు నించి మొదలుపెట్టినా ఒకచోటికే వస్తోంది. కమిటీలో మనిషికి తెలుసంటే క్లబ్బుకి తెలుసు. వాడొచ్చిన మొదటి రోజు నించీ తెలుసు. ఒక్కరికి కూడా తెలియదని తను నోరారా చెప్పి, రాయించి మరీ వచ్చాడు.

"నేను అబద్ధం చెప్తానండీ," అంది ఆవిడ. "మీకోసం, ఊరికోసం చెప్తాను. తెలియదంటాను. నా సంగతి కాదు. రేపు వాణ్ణి కూడా విడిగా కూర్చోబెడతారుగా? ఇది ఎవరికైనా చెప్పావా అని అడక్క మానరుగా? వాడేమంటాడు?"

రంగులాయన లేచాడు. ఒక్కటే పని మిగిలింది. వెళ్ళి వాడితో చెప్పాలి. అత్తయ్య పేరు ఎత్తకు, దాచెయ్యి అనాలి. వీడు అబద్ధాలకోరని గంట క్రితం తన నోటితో తనే రాయించిన కుర్రాడి దగ్గరికి వెళ్ళి, ఇప్పుడు ఇంకో అబద్ధం అడుక్కోవాలి.

సగం మెట్లు దిగేసరికి కింద మేనల్లుడి గొంతు వినిపించింది. గ్రౌండు నించి వచ్చేసినట్టున్నాడు. గోడకి ఆనుకుని, ఫోన్ చెవికి పెట్టుకుని, వెనక్కి తిరిగి ఉన్నాడు. అవతల తల్లి. వాడి గొంతు ఆశ్చర్యంగా, ఎన్నాళ్ళ నించో మోస్తున్న మూట దించినవాడి గొంతులా తేలిగ్గా ఉంది.

"లేదమ్మా, భయమేం లేదు. రేపు వాళ్ళొస్తారు కదా, మొదటి నించీ అన్నీ చెప్పేస్తా. నీ మీద ఒట్టమ్మా. ఇక ఎవరేది అడిగినా ఒక్క ముక్క కూడా దాచను."